గట్టినేల అంటే ఏ గట్టి? సబ్‌సాయిలర్‌కు ఫోన్ చేసే ముందు ఒక గుంత తవ్వండి

పోయిన పంటలో శెనిక్కాయ (వేరుశనగ) పెరికేటప్పుడు మా చిన్నాయన చేనులో ఒక వింత చూశాను. కళ్యాణదుర్గం పక్క ఎర్ర గరప నేల, ఐదెకరాలు. చెట్టు మొదలు పట్టుకుని లాగితే కాయలతో సహా చక్కగా వచ్చేస్తోంది, కానీ చేనుకు అడ్డంగా పది పన్నెండు అడుగుల వెడల్పున ఒక పట్టీ ఉంది, అక్కడికి వచ్చేసరికి చెట్టు చేతికొస్తోంది, కాయ మాత్రం నేలలోనే ఉండిపోతోంది. ఆ పట్టీ దాటగానే మళ్లీ మామూలే. ఒకే విత్తనం, ఒకే వాన, ఒకే రోజు వేసిన పంట. వెనకాల పరిగె ఏరుకునే ఆడవాళ్లు ఆ పట్టీలోనే కూర్చుండిపోయారు, వాళ్లకు తెలుసు కాయ ఎక్కడ మిగిలిందో.

చిన్నాయన ఒక కాయను వేలితో పెళ్లగించి చూసి, "నేలంతా బండబారిపోయిందబ్బీ, ఈసారి సబ్‌సాయిలర్ తెప్పించి ఐదెకరాలూ చీల్చేయాల్సిందే" అన్నాడు.

సబ్‌సాయిలర్ అంటే ట్రాక్టర్ వెనక కట్టి, పొడవాటి ఇనప ములుకుతో నేలను లోతుగా చీల్చే పనిముట్టు. నేను అడ్డం పడ్డాను. ఎందుకంటే రెండేళ్ల కింద అదే పని నా చేనులో నేనే చేయించి, గంటకింత అని కట్టి, డబ్బులు నిజంగానే మట్టిపాలు చేసుకున్నాను. అక్టోబరు వానలు వెలిసిన నాలుగో రోజు. పైన ఆరింది కదా అని బండి దింపించాను. అడుగు లోతున ఇంకా తడే. సబ్‌సాయిలర్ ములుకు సంగటి ముద్దలో కత్తి దింపినట్టు సుతారంగా దిగి, సుతారంగా కోసుకుంటూ పోయింది. చుట్టూ మట్టి పగల్లేదు, గీత మాత్రం పడింది, ఆ గీత అంచులు నున్నగా అలికినట్టు తయారయ్యాయి. తర్వాతి వానకు ఆ గీత కూడా పూడుకుపోయింది. తప్పు యంత్రానిది కాదు. నేను కొలవలేదు, తవ్వలేదు, ఊరికే ఫోన్ చేశాను.

నేల బిగిసిపోవడం అనే ఒక్క మాట కింద మనం నాలుగైదు వేరువేరు జబ్బుల్ని కలిపేస్తున్నాం. ఏ గట్టితనమో, ఎంత లోతున ఉందో తేలకుండా వైద్యం మొదలుపెడితే నాకు పట్టిన గతే పడుతుంది.

ముందు అసలు బిగుసుకోవడం అంటే ఏంటో చూద్దాం. మంచి నేల ఒక గంపెడు తీసుకుంటే అందులో సుమారు సగమే మట్టి, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలోనే గాలి, నీళ్లు, వేర్లు, వానపాములు. మట్టి రేణువు బరువు ఒక ఘనపు సెంటీమీటరుకు 2.65 గ్రాములు అనుకుంటారు, రాయి బరువన్నమాట. ఖాళీలతో కలిపి తూస్తే సగటున 1.33 గ్రాములు వచ్చిందంటే సరిగ్గా సగం ఖాళీ ఉన్నట్టు. అదే 1.65 వచ్చిందంటే ఖాళీ 38 శాతానికి పడిపోయినట్టు. పన్నెండు శాతమే కదా తగ్గింది అనిపిస్తుంది, కానీ నలిగిపోయేది ముందుగా పెద్ద రంధ్రాలే. వాననీటిని గబగబా మింగేవి అవి, వేరుకు ఊపిరి ఇచ్చేవి అవి. చిన్న రంధ్రాలు మిగులుతాయి, వాటిలో ఉన్న నీళ్లు అంత తేలిగ్గా కదలవు.

మన పక్క ఇది ఎందుకు ప్రాణం మీదకొస్తుందంటే, మనకు పడేదే తక్కువ, పడినప్పుడు ఒక్కసారిగా పడుతుంది. ఎకరా మీద 40 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 1,60,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 32. గంటలో దంచి కొట్టిన వానలో సగం లోపలికి దిగక వంకలో కలిసిందంటే పదహారు ట్యాంకర్లు కళ్ల ముందే పోయినట్టు. ఆ తర్వాత ఇరవై రోజులు వాన లేకపోతే "బెట్ట కొట్టింది" అంటాం. వాన పడలేదా, పడిన వాన దిగలేదా అన్నది వేరే ప్రశ్న, అది ఎవరూ అడగరు.

ఇప్పుడు గట్టితనాల్లో రకాలు. విత్తనం వేసిన రెండో రోజు జల్లు పడి, ఎండ కాసి, పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాకపోవడం ఒకటి. అది పైపైన ఉండే పొర, మందం వేలి గోరంత. వానచినుకు దెబ్బకు పైమట్టి గడ్డలు పగిలి, ఆ మెత్తటి పొడి రంధ్రాల్లో ఇరుక్కుని తయారయ్యేది. దీనికి సబ్‌సాయిలర్ ఏం చేస్తుంది? తేలిగ్గా గుంటక తోలితే పోతుంది. రెండోది, ఎర్రనేల ఎండితే ఇటుకలా గట్టిపడే గుణం. తడిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇది చాలా ఎర్రనేలల పుట్టుక లక్షణం, సేంద్రియ పదార్థం తగ్గేకొద్దీ ముదురుతుంది. మూడోది, లోపల దేవుడు పెట్టిన పొర. మొరం తగలడం, సుద్ద తగలడం. మన చేలల్లో ఇది చాలాచోట్ల రెండడుగుల లోపే వచ్చేస్తుంది, దాన్ని చీల్చాలని చూస్తే ములుకులు విరగడం తప్ప ఒరిగేది లేదు. నాలుగోది చౌడు, అది ఉప్పు, సోడియం వ్యవహారం. ఐదోదే మనం, మన బండ్లు, మన సేద్యం కలిసి చేసిన బిగువు. ఈ వ్యాసం దాని గురించే, కానీ మిగతా నాలుగింటినీ పక్కకు తీసేస్తేగానీ దీని దగ్గరికి రాలేం.

కొలవాలంటే మొదట కావాల్సింది పరికరం కాదు, పదును, అంటే నేలలో సరైన తడి. ఎండాకాలంలో గడ్డపార దిగలేదని నేల బిగిసిందనడం, జ్వరంలో ఉన్నవాణ్ని పరుగెత్తించి సత్తువ లేదనడం లాంటిది. ఎండినప్పుడు ఏ ఎర్రనేలైనా గట్టిగానే ఉంటుంది, బురదలో ఉన్నప్పుడు ఏ బిగిసిన నేలైనా మెత్తగానే ఉంటుంది. బాగా నానేటట్టు వాన పడ్డాక ఎర్రనేలైతే ఒకటి రెండు రోజులు, నల్లరేగడైతే ఇంకా ఎక్కువ రోజులు ఆగి, అదనపు నీళ్లు కిందికి జారిపోయాక చూడాలి. అప్పుడు కూడా గట్టిగా తగిలిందంటే అది నిజమైన గట్టి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ చేను పక్కనే బండి చక్రం ఎప్పుడూ ఎక్కని చోటు ఒకటి వెతుక్కోండి. గట్టు మీద, కంచె వార, వేపచెట్టు దాపున. అదే రోజు, అదే చేత్తో అక్కడా కొలిచి, చేనులోనూ కొలవండి. రెంటికీ మధ్య తేడానే మీ లెక్క. పుస్తకంలో ఉన్న అంకెలు దారి చూపించడానికి పనికొస్తాయి, తీర్పు మాత్రం మీ గట్టే చెప్పాలి.

చిన్నాయన చేనులో మేము చేసింది చెప్తాను. మంచి వాన పడ్డ రెండో రోజు పొద్దున పార, కొడవలి, ఒక పాత కూరగాయల కత్తి పట్టుకుని పోయాం. మూడు గుంతలు తవ్వాం, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు. ఒకటి ఆ పట్టీలో, ఒకటి పట్టీకి ఇరవై అడుగుల దూరంలో, ఒకటి గట్టు వార వేపచెట్టు పక్కన. గుంతకు ఒక గోడను పారతో నిలువుగా చెక్కి, కత్తి మొనతో పైనుంచి కిందికి నెమ్మదిగా పొడుచుకుంటూ వచ్చాం. ఇంతే పని. కానీ చేతికి తెలిసిపోతుంది.

వేపచెట్టు గుంతలో కత్తి పైనుంచి కిందిదాకా ఒకే రకంగా దిగింది. మట్టి చేత్తో నలిపితే శనగ గింజంత ఉండలుగా విడిపోయింది, వానపాము బొరియలు నిలువుగా కనిపించాయి. చేను మధ్య గుంతలో నాలుగున్నర అంగుళాల దాకా పిండిలా మెత్తన, ఆ కింద అంగుళంన్నర మందాన దోసెలు పేర్చినట్టు అడ్డంగా పొరలు. కత్తి అక్కడ టక్‌మని ఆగింది. దాని కింద మళ్లీ ఫరవాలేదు. ఇక పట్టీలో గుంత. ఆరు అంగుళాల దగ్గర గట్టి మొదలై అడుగు లోతు దాటినా వదల్లేదు. అక్కడ మిగిలిపోయిన ఒక పాత కంది మొదలు తీసి చూశాం. తల్లివేరు పెన్సిల్ లావున నిటారుగా దిగి, ఆరో అంగుళం దగ్గర మోచేయి మడిచినట్టు మడుచుకుని పక్కకు తిరిగింది. చిన్నాయన దాన్ని చాలాసేపు చేతిలో తిప్పుతూ చూశాడు. పోయిన ఏడాది ముసురులో, తడి ఆరకముందే, దిబ్బెరువు నింపిన ట్రాలీ పద్నాలుగు ట్రిప్పులు ఆ దారినే అడ్డంగా పోయిందని అప్పుడు గుర్తొచ్చింది. నేల బాగుపడాలని తోలిన ఎరువే!

అంటే ఒకే చేనులో రెండు వేరువేరు బిగువులు. ఒకటి పైన, పలచగా, చేనంతా. ఇంకోటి లోతుగా, మందంగా, పట్టీలో మాత్రమే. ఐదెకరాలకూ ఒకే మందు వేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

గుంత ప్రతిచోటా తవ్వలేం కాబట్టి ఇనప చువ్వ. ఎనిమిదో పదో మిల్లీమీటర్ల చువ్వ, మూడడుగుల పొడవు, పైన అడ్డం పిడి వెల్డింగ్ చేయించి, మొన కోసుగా సానపట్టించి, అంగుళం అంగుళానికీ గీత గీయించుకుంటే సరిపోతుంది. ఒకే మనిషి, ఒకే బలంతో, నెమ్మదిగా అదమాలి. ఎక్కడ ఆగింది, ఎక్కడ మళ్లీ సులువైంది అన్నది రాసుకోవాలి. చేనంతా ముప్పై నలభై చోట్ల గుచ్చి, కాగితం మీద చేను బొమ్మ గీసుకుని లోతులు వేసుకుంటే ట్రాక్టర్ ఎక్కడ తిరిగిందో బొమ్మలోనే కనిపిస్తుంది. రాయి తగిలితే కిర్రుమంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేయండి. మన గరపనేలల్లో ఈ రాళ్ల మోసం మామూలే.

ఈ చువ్వకే డయల్ పెట్టి అమ్మేదాన్ని పెనెట్రోమీటర్ అంటారు. మొన శంకువు ఆకారంలో 30 డిగ్రీల కోణంలో ఉంటుంది, సెకనుకు అంగుళం చొప్పున అదమమంటారు. చదరపు అంగుళానికి 300 పౌండ్ల ఒత్తిడి, అంటే సుమారు 2 మెగాపాస్కల్స్, చూపించిందంటే చాలా పంటల వేర్లు అక్కడ ఆగిపోతాయని లెక్క. డయల్ మీద కూడా 200 దాకా పచ్చ, 300 దాకా పసుపు, ఆ పైన ఎరుపు రంగు వేసి ఉంటుంది. దీంతో ఒక చిక్కు. ఇనప మొన తిన్నగా పోతుంది, వేరు అలా పోదు. పాత వేరు కుళ్లిన బొరియ, వానపాము దారి, సన్నటి బీట, ఏది దొరికితే అందులో దూరుతుంది. అందుకే డయల్ ఎరుపు చూపించిన చోట కూడా ఒక్కోసారి వేర్లు హాయిగా కిందికి పోయి ఉంటాయి. గుంత తవ్వకుండా డయల్ ఒక్కటే నమ్మొద్దు అనేది ఇందుకే.

ఇక మొదట్లో చెప్పిన 1.33, 1.65 లాంటి అంకె కావాలంటే ఉంగరం పద్ధతి. ఇది కొంచెం ఓపిక పని, కానీ ఒకసారి చేస్తే నేల మీద నమ్మకం కుదురుతుంది. వెల్డింగ్ షాపులో 7 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఇనప పైపు 10 సెంటీమీటర్ల ముక్క కోయించి, ఒక అంచు పదును పెట్టించాం. దాని ఘనపరిమాణం 385 ఘనపు సెంటీమీటర్లు. గుంతలో గట్టిపొర ఉన్న లోతుకు చదును చేసి, పైపు మీద చెక్క పెట్టి సుత్తితో మెల్లగా దించి, చుట్టూ తవ్వి మొత్తం బయటికి తీసి, రెండు వైపులా కత్తితో సమంగా కోయాలి. ఆ మట్టిని ఆరబెట్టి తూయాలి. ల్యాబులో 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా ఉంచుతారు. మేము పాత పెనం మీద సన్నటి సెగన, మూడుసార్లు తూచినా బరువు తగ్గనిదాకా వేయించాం. పిన్ని ఆ పెనాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే కథ.

పట్టీలోని మట్టి 690 గ్రాములు తూగింది. 690ని 385తో భాగిస్తే 1.79. చిన్నాయన కంగారుపడ్డాడు. ఎందుకంటే ఇసుక కలిసిన ఇలాంటి ఎర్రనేలలకు 1.63 దగ్గర వేరుకు ఇబ్బంది మొదలు, 1.80 దాటితే దాదాపు దారి మూసుకున్నట్టే అని అప్పటికే చెప్పి ఉన్నాను. కానీ ఆగండి, అందులో గులకరాళ్లు ఉన్నాయి. జల్లెడ పట్టి రాళ్లు వేరు చేస్తే 106 గ్రాములు. గీతలున్న గ్లాసులో నీళ్లు పోసి రాళ్లు వేస్తే నీటి మట్టం 40 మిల్లీలీటర్లు పెరిగింది. అంటే రాళ్లు తీసేస్తే 584 గ్రాముల మట్టి 345 ఘనపు సెంటీమీటర్లలో ఉంది. లెక్క 1.69కి దిగింది. ఇబ్బంది ఉన్నమాట నిజమే, కానీ దారి మూసుకోలేదు. వేపచెట్టు కింద అదే లోతున, అదే లెక్కన 1.48 వచ్చింది. అనంతపురం గరపనేలల్లో ఈ రాళ్ల లెక్క తీయకుండా ఎవరైనా అంకె చెబితే నమ్మకండి.

నీళ్లతో ఇంకో చిన్న పరీక్ష ఉంది. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు ముక్కను నేలలోకి రెండు మూడంగుళాలు దించి, 440 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అది సుమారు 25 మిల్లీమీటర్ల వానతో సమానం. మొదటిది నేల తడపడానికి, రెండోసారి పోసింది ఇంకడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమ్ చూసుకోండి. గట్టు దగ్గరా చేనులోనూ.

సరే, ఎవరు తొక్కారు? బరువు, ఒత్తిడి రెండూ ఒకటి కావు. ఎద్దు గిట్ట చిన్నది, కాబట్టి దాని కింద చదరపు అంగుళానికి పడే ఒత్తిడి ట్రాక్టర్ టైరు కింద పడేదానికి తీసిపోదు. తేడా మొత్తం బరువులో ఉంది. పై నాలుగైదు అంగుళాల బిగువు టైరులో గాలి ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి, లోతుకు దిగే బిగువు ఇరుసు మీద ఎంత బరువు ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. నిండు ట్రాలీకి బరువూ ఎక్కువే, దాని టైర్లలో గాలి కూడా ట్రాక్టర్ వెనక టైర్లకంటే చాలా గట్టిగా ఉంటుంది. అందుకే చేనులో ట్రాక్టర్ కంటే ట్రాలీయే పెద్ద నేరస్తురాలు. వరికోత యంత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఎద్దులతో సేద్యం చేసిన కాలంలో ఈ జబ్బే లేదనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మడక ఏటా అదే లోతున నడిస్తే దాని కింద కూడా పొర కట్టేది, కాకపోతే పలచగా, పైపైన. ఇప్పుడు దాని స్థానంలో రోటవేటర్ వచ్చింది. కత్తులు ఏటా అదే నాలుగైదు అంగుళాల దగ్గర నేలను కొట్టి అడుగును రుద్దేస్తాయి, పైన మట్టిని పిండి చేస్తాయి. చూడ్డానికి చేను పరుపులా ఉంటుంది, రైతుకు ముచ్చటేస్తుంది, తొలి వానకు ఆ పిండే పెచ్చు కడుతుంది. మేము చేను మధ్య చూసిన దోసెల పొర అదే. ఇక డిస్క్ నాగలి తోలేటప్పుడు ఒకవైపు చక్రాలు నేరుగా చాలు అడుగులోనే నడుస్తాయి, అంటే పైపొర తీసేసి మరీ అడుగుపొరను తొక్కించడం.

తడిగా ఉన్నప్పుడు తొక్కితే నష్టం ఎన్నో రెట్లు. అందులోనూ మొదటిసారి తొక్కినప్పుడే ఎక్కువ భాగం నష్టం జరిగిపోతుంది, రెండోసారి, మూడోసారి అదే గీతలో పోతే పెరిగేది కొంచెమే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం వైద్యం అయినట్టే. ఎక్కడ పడితే అక్కడ తిప్పకుండా ప్రతిసారీ ఒకే దారిలో తిప్పితే, ఆ దారి పోతే పోయింది, మిగతా చేను బతుకుతుంది.

నల్లరేగడి కథ వేరు. ఉరవకొండ, తాడిపత్రి పక్కనో, జమ్మలమడుగు, ఆలూరు పక్కనో ఎండాకాలం చేలల్లో చెయ్యి దూరేంత బీటలు చూసే ఉంటారు. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ఆ పనిలో తన బిగువును తానే చాలావరకు విప్పుకుంటుంది. దానికి వేసవే సబ్‌సాయిలర్. కాకపోతే శనగ విత్తాలనే తొందరలో జిగటగా ఉన్నప్పుడే ట్రాక్టర్ దింపితే అది కూడా అలుకుడు పడుతుంది, విత్తనం పడ్డ చాలు గోడలు నున్నగా అయి వేరు ఆ చాలులోనే తిరుగుతుంది. బంకమట్టికి అంకెలు కూడా వేరే, 1.39 దగ్గరే ఇబ్బంది మొదలై 1.47 దాటితే వేరు ఆగిపోతుంది. పైగా తేమను బట్టి ఆ నేల సైజే మారుతుంది కాబట్టి, ఎండినప్పుడొకసారి తడిగా ఉన్నప్పుడొకసారి కొలిచి పోల్చకూడదు.

కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి పెట్టేవాళ్లకు ఇదంతా తలకిందులు. వాళ్లకు అడుగున గట్టిపొర కావాలి, అందుకే దమ్ము చేస్తారు, నీళ్లు నిలబడాలి కదా. చిక్కు ఎప్పుడంటే, అదే మడిలో తర్వాత పసుపో మినుమో వేసినప్పుడు. వరికి చుట్టమైన పొర వాటికి శత్రువు.

ఇప్పుడు సబ్‌సాయిలర్ ఎప్పుడు, ఎలా. ముందు గట్టిపొర ఎక్కడ ముగుస్తుందో గుంతలో చూసి ఉండాలి, ములుకు దానికి అంగుళం రెండంగుళాలు మాత్రమే కిందికి దిగాలి. ఇంకా లోతు పోతే డీజిల్ ఖర్చే, ఒక లోతు దాటాక ములుకు మట్టిని పైకి లేపడం మానేసి పక్కలకు అదమడం మొదలుపెడుతుంది. ఆ లోతులో మట్టి తీసి అరచేతుల మధ్య రుద్ది చూడండి. సన్నటి తాడులా, అగ్గిపుల్ల లావున, తెగకుండా సాగిందంటే బండిని వెనక్కి పంపేయండి. నా అక్టోబరు తప్పు అదే. తాడు కట్టకుండా విరిగిపోతూ, గడ్డను అదిమితే బెల్లం అచ్చు పగిలినట్టు పగలాలి. మరీ ఎండిపోతే ఎర్రనేలలో ట్రాక్టర్ లాగలేదు, లాగినా మంచాలంత పెళ్లలు లేస్తాయి. పంట తీసిన వెంటనే, ఇంకా కాస్త చెమ్మ మిగిలి ఉన్న ఆ కొద్ది రోజులే సరైన సమయం. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం గట్టిపొర ఉన్న నేలల్లో ఉలి నాగలిని (ఇదీ నేలను లోతుగా చీల్చేదే) అరమీటరు ఎడంతో నిలువూ అడ్డం తోలి, హెక్టారుకు 12.5 టన్నుల దిబ్బెరువు, అంటే ఎకరాకు సుమారు 5 టన్నులు, వేయమని చెబుతుంది. ఆ ఎరువు మాట వదిలేసి చీల్చడం ఒక్కటే చేస్తే ఏడాది రెండేళ్లలో నేల మళ్లీ మొదటికొస్తుంది. కొత్తగా చీల్చిన నేల పుండు లాంటిది, మీద నిండు ట్రాలీ పోయిందంటే ముందుకంటే లోతుగా బిగుస్తుంది.

చీల్చిన బీటలను తెరిచి ఉంచేది వేర్లు. మన దగ్గర శెనిక్కాయలో ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒక సాలు కంది వేయడం పాత పద్ధతే, కానీ దాన్ని కందిపప్పు కోసమే అనుకుంటాం. కంది, ఆముదం తల్లివేర్లు లోతుకు దిగి, కుళ్లిపోయాక తరువాతి పంటకు బొరియలు వదిలిపోతాయి. జొన్న, కొర్ర వేర్లు సన్నగా గుబురుగా పాకి మట్టిని ఉండలు కట్టిస్తాయి. ఏటా ఒట్టి శెనిక్కాయ వేసి, పెరికేటప్పుడు వేరుతో సహా ఊడబెరికి, కట్టె (ఎండిన చెట్టు) మొత్తం పశువులకు తోలితే నేలకు మిగిలేదేముంది? అయితే బాగా బిగిసిన పొరను వేరు ఒక్కటే ఒక ఏడాదిలో తెరవలేదు, ఆ మాట కూడా నిజమే. ముందు పదునులో ఇనుము, ఆ వెంటనే వేరు.

జిప్సం గురించి ఒక మాట. శెనిక్కాయకు ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోలు వేస్తాం, అది కాయకు కాల్షియం కోసం. చౌడులో సోడియం తరిమేయడానికి కూడా పనికొస్తుంది. ట్రాలీ తొక్కిన బిగువును మాత్రం జిప్సం విప్పలేదు. "నేల గుల్లబారుతుంది" అని అమ్మే డబ్బాల మందుల గురించి కూడా నా అభిప్రాయం అదే, నొక్కుకుపోయిన రంధ్రాన్ని ఏ ద్రావణం తెరుస్తుందో నాకు అర్థం కాదు. చెరువు మట్టి మంచిదే, తోలాల్సింది నడివేసవిలో, నేల ఎండి బండలా ఉన్నప్పుడు, ఒకే దారిలో. అదృష్టవశాత్తూ చెరువు ఎండేది కూడా అప్పుడే. మంద కట్టించుకోగలిగితే ఇంకా మంచిది, గొర్రెలు తమ ఎరువును తామే మోసుకొస్తాయి. తడి నేలలో మాత్రం వద్దు. చీనీ (బత్తాయి) తోటలున్నవాళ్లు చెట్ల పాదుల వైపు సబ్‌సాయిలర్ తీసుకుపోవద్దు, వేర్లు తెగుతాయి. సాళ్ల మధ్య స్ప్రే ట్యాంకరు తిరిగే దారి ఒకటే ఉంచుకుని, మిగతా సందుల్లో జీలుగో జనుమో చల్లుకోవచ్చు.

చిన్నాయన చేనులో చివరికి తేలింది ఏంటంటే, పట్టీని చీల్చడమే లేదు. దాన్ని బండి దారిగా వదిలేశాం, రెండు చివర్లా సున్నం కొట్టిన రాళ్లు పాతాం, ఇకమీదట ఎరువు వచ్చినా కాయ పోయినా ఆ పన్నెండు అడుగుల్లోనే. మిగతా చేనులో రోటవేటర్ మానేసి, దోసెల పొర అంగుళంన్నరే కాబట్టి కల్టివేటర్‌ను ఏడంగుళాల లోతుకు దించి, పంట తీసిన వారంలో ఒక్కసారి తోలించాం, సబ్‌సాయిలర్ అవసరం పడలేదు. ఈసారి పదకొండు సాళ్లకు బదులు ఏడు సాళ్లకో కంది. ట్రాలీ డ్రైవర్ మొదటిరోజే రాళ్లు చూసి నవ్వి, అడ్డదారిన పోబోయాడు. చిన్నాయన ఏమీ అనకుండా కొట్టంలోకి పోయి, చూరులో దాచిన ఆ మడుచుకుపోయిన కంది వేరు తెచ్చి చూపించాడు.